అమ్మాయిల టీమ్‌కి ప్రాక్టీస్ ప్లేయర్‌గా ఒక సీజన్: 2-3 జోన్ లోపల నిలబడి నేను చూసింది

2023 ఆగస్టులో ఎమ్మెస్ కోసం ఒహాయో వచ్చాను. సెప్టెంబరు మొదట్లో జిమ్ గోడ మీద ఒక కాగితం కనిపించింది: మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకి ప్రాక్టీస్ ప్లేయర్లు కావాలి, అబ్బాయిలు మాత్రమే. అమెరికా కాలేజీల్లో ఇది చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. టెనెసీ యూనివర్సిటీలో ప్యాట్ సమ్మిట్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆవిడ జట్టు కూడా అబ్బాయిలతోనే ప్రాక్టీస్ చేసేది. వచ్చే మ్యాచ్‌లో ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో నేర్చుకుని, వారమంతా ఆ జట్టులా ఆడి చూపించడమే ప్రాక్టీస్ ప్లేయర్ పని. మ్యాచ్ రోజు మాత్రం మనం గ్యాలరీలో కూర్చుంటాం.

గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదివినప్పుడు నాలుగేళ్లూ కాలేజీ టీమ్‌లో ఆడాను. అక్కడ ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌లో ఏ జట్టు చూసినా 2-3 జోనే, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి మనిషిని కాకుండా చోటుని కాపాడటం. సిమెంటు కోర్టు, గట్టి రింగు, సాయంత్రం గాలి, దూరం నుంచి వేసిన షాట్ పడదు కాబట్టి జోన్ వేసి కూర్చుంటే సగం మ్యాచ్ గెలిచినట్టే. దాన్ని ఎలా ఛేదించాలో మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఇక్కడ ఆ పని దగ్గరుండి చూసే అవకాశం వస్తుందంటే వదులుకోబుద్ధి కాలేదు.

మెయిల్ పెట్టిన రెండు రోజులకే జవాబొచ్చింది, ఆ వారంలోనే ఒక సాయంత్రం పిలిచి ఆడించి చూశారు. సరే రమ్మన్నారు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

ఊరికే ప్రాక్టీస్‌కి వెళ్లి ఆడేయడమే కదా అనుకుంటాం. కాదు. ప్రాక్టీస్ ప్లేయర్‌కి కూడా ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ, రూల్స్ చాలావరకు వర్తిస్తాయి. ఫుల్ టైమ్ స్టూడెంట్ అయి ఉండాలి, మార్కులు సరిగ్గా ఉండాలి, డ్రగ్ టెస్టుకి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఈ రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసులో ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కాలేజీలో అయినా సరే, నువ్వు మొదటిసారి ఫుల్ టైమ్ చేరిన తేదీ ఎంత?" అని. అర్హత ఐదేళ్ల వరకే అనే లెక్క ఒకటి ఉంటుందట, అది బీటెక్‌లో చేరిన రోజు నుంచే మొదలవుతుందట, ఇండియాలో చదివినా సరే. నేను బీటెక్ అవ్వగానే వచ్చాను కాబట్టి ఇది ఐదో ఏడు, ఈ ఒక్క సీజన్‌కి కుదురుతుంది అన్నారు. రెండేళ్లు ఉద్యోగం చేసి వచ్చి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి.

వీసా గురించి నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. ఎఫ్-1 మీద ఉన్నాం, ఇది పని కిందికి వస్తుందేమో, రేపు ఏదైనా సమస్య అవుతుందేమో అని రెండు రాత్రులు సరిగ్గా నిద్రలేదు. ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే, డబ్బులు గానీ ఫీజులో తగ్గింపు గానీ ఏమీ ఇవ్వరు కాబట్టి పర్వాలేదని మెయిల్‌లో రాసిచ్చారు. ఆ మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను.

తర్వాత మెడికల్. బీపీ, గుండె, కీళ్లు అన్నీ చూశారు, అది ఊహించిందే. ఊహించనిది సికిల్ సెల్ టెస్ట్, అంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్త సమస్య కోసం చేసే పరీక్ష. అమెరికాలో పుట్టిన పిల్లలందరికీ పుట్టగానే ఈ పరీక్ష చేస్తారు, వాళ్లు ఆ రిపోర్టు తెచ్చి ఇచ్చేస్తారు. మన దగ్గర ఆ కాగితం ఎక్కడుంటుంది? మళ్లీ రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం వారం పైన ఆగాల్సి వచ్చింది. ట్రైనర్ నేను వాడే మందులు, పొడులు అన్నీ చూపించమంది. అమ్మ కట్టి పంపిన అశ్వగంధ పొడి చూసి, లోపల ఏముందో లేబుల్ లేని పొడి సీజన్ అయ్యేదాకా ముట్టొద్దని చెప్పింది. ఫోన్లో అమ్మకి ఇది చెబితే, "ఇంట్లో దంచిన దానికి లేబుల్ ఏంట్రా" అని బాధపడింది.

మెడికల్‌కి, రక్త పరీక్షకి, బూట్లకి కలిపి నూట ఎనభై డాలర్ల దాకా నా చేతి నుంచి పోయాయి. ప్రాక్టీస్ బట్టలు వాళ్లే ఇచ్చారు. క్లియరెన్స్ అక్టోబరు మొదటి వారంలో వచ్చింది, అంటే సుమారు మూడు వారాలు. ఈలోపు మిగతా అబ్బాయిలు ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూడటం తప్ప బంతి ముట్టుకోవడానికి లేదు.

అసలు ఖర్చు వేరే ఉంది. ప్రాక్టీస్ సాయంత్రం పూట రెండు గంటలకు పైగా సాగేది. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల వరకే పని చేయనిస్తారు, డైనింగ్ హాల్లో నా షిఫ్టులు కూడా సాయంత్రాలే. సగం షిఫ్టులు వదులుకున్నాను. వారానికి వంద డాలర్లు దాదాపుగా తగ్గాయి, కిరాణా సామాను లెక్క చూసుకుని కొనాల్సి వచ్చింది. ఈ సంగతి ముందే ఆలోచించుకుని దిగండి.

మొదటి రోజు బంతి చేతిలోకి రాగానే తేడా తెలిసింది. అమ్మాయిల బంతి చుట్టుకొలత ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు, మనం ఆడే దానికన్నా ఒక అంగుళం తక్కువ. నా షాట్లన్నీ రింగు దాటి వెళ్లిపోయాయి, చెయ్యి అలవాటు పడటానికి వారం పట్టింది. దానికన్నా పెద్ద ఇబ్బంది ఒళ్లు తగలడం. మనం పెరిగిన పద్ధతిలో అమ్మాయికి భుజం ఆనించి తోయడం అనేది చేతికి రాదు. రీబౌండ్ దగ్గర, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి కోసం పోటీపడేటప్పుడు, నేను కాస్త పక్కకి జరుగుతున్నాను. ఆరడుగుల మూడంగుళాల ఫార్వర్డ్ ఒకమ్మాయి నడుముతో ఒక్క తోపు తోసి నన్ను బేస్‌లైన్, అంటే రింగు వెనక గీత, బయటికి పంపింది. అసిస్టెంట్ కోచ్ పక్కకి పిలిచి, నువ్వు మొహమాటపడితే ఆ అమ్మాయికి శనివారం మ్యాచ్‌లో దెబ్బ తగులుతుంది, గట్టిగా ఆడు, అదే నువ్వు ఇచ్చే మర్యాద అని చెప్పింది. ఆ మాటతో నాకు బరువు దిగింది. రూమ్మేట్ కరీంనగర్ అబ్బాయి, "అమ్మాయిల టీమ్‌తోని ఆడుడు ఏందన్నా?" అని అడిగేవాడు, ఒకరోజు తీసుకెళ్లి చూపించాక మళ్లీ అడగలేదు.

నవంబరు, డిసెంబరు మామూలుగా గడిచాయి. ఇక్కడ అమ్మాయిల మ్యాచ్ పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి ఇచ్చే గడువు, ముప్పై సెకన్లు. మన దగ్గర ఆడేది ఇరవై నాలుగు కదా, ఆ ఆరు సెకన్ల విలువ ఏంటో జనవరిలో అర్థమైంది.

జనవరిలో మా లీగ్‌లోనే ఉన్న ఒక జట్టుతో వాళ్ల ఊళ్లో మ్యాచ్. వాళ్లు మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా 2-3 జోనే ఆడతారు. మేము ప్రయాణంలో వెళ్లం కాబట్టి రూమ్‌లో ఫోన్‌లో చూశాను. చూస్తుంటే కడుపులో తిప్పినట్టయింది. బంతి పైనుంచి, అంటే రింగుకి ఎదురుగా దూరంగా ఉన్న చోటు నుంచి, వింగ్‌కి, అంటే కోర్టు పక్కకి, వింగ్ నుంచి పైకి, మళ్లీ అవతలి వింగ్‌కి, అలా చుట్టూ తిరుగుతూనే ఉంది, లోపలికి మాత్రం వెళ్లట్లేదు, ఇరవై ఐదు సెకన్లు అయ్యాక ఎవరో ఒకరు కంగారుగా త్రీ, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్, వేయడం, అది రింగుకి తగిలి వాళ్ల చేతిలో పడటం. నాలుగు క్వార్టర్లూ ఇదే. మా అమ్మాయిలు ఘోరంగా ఓడిపోయారు.

అమెరికా ప్రొఫెషనల్ ఆటలో ఇంత హాయిగా జోన్ ఆడలేరు. ఎన్‌బీఏలో 2001 దాకా జోన్ నిషేధమే, తర్వాత అనుమతించినా డిఫెండర్ ఎవరినీ కాపలా కాయకుండా రింగు ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. కాలేజీలో ఆ రూలు లేదు. పొడుగాటి సెంటర్‌ని రింగు కింద పెట్టి క్లాక్ అయిపోయేదాకా అక్కడే ఉంచొచ్చు. సిరక్యూస్ యూనివర్సిటీ కోచ్ జిమ్ బోహైమ్ ఈ 2-3 మీదే దశాబ్దాలు బతికాడు, 2003లో కార్మెలో ఆంథనీ ఉన్న జట్టుతో కాన్సస్‌ని 81-78తో ఓడించి టైటిల్ కూడా కొట్టాడు. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది మార్చిలోనే ఆయన తప్పుకున్నాడు. మా అసిస్టెంట్ కోచ్ సిరక్యూస్ పాత మ్యాచ్‌ల క్లిప్పులు తెచ్చింది, అయితే సిరక్యూస్ గెలిచినవి కాదు, దెబ్బతిన్నవి. ఎవరు ఎక్కడ నుంచి పొడిచారో చూడండి అంది.

ఫిబ్రవరి 10, శనివారం, అదే జట్టు మా జిమ్‌కి రావాలి. మధ్యలో వేరే మ్యాచ్‌లు ఉన్నా, పది రోజుల ముందు నుంచే ప్రాక్టీస్‌లో ఒక భాగం దీనికే కేటాయించారు. మేం అబ్బాయిలం వాళ్ల జోన్ అయిపోయాం. ఒక్కొక్కరికీ ఒక కార్డు, దాని మీద వాళ్ల ప్లేయర్ నంబరు, ఎత్తు, అలవాట్లు. నాకు ఇచ్చింది వెనక వరసలో ఎడమ వింగ్, ఆ అమ్మాయి ఐదడుగుల పదకొండు, నేను ఐదడుగుల పది. జోన్‌లో అందరికన్నా ఎక్కువ నలిగేది ఆ చోటే అని నాకు అప్పటికి తెలియదు.

బంతి నా వైపు వింగ్‌లోకి వస్తే, ముందున్న గార్డ్ ఇంకా దూరంగా ఉంటాడు కాబట్టి నేనే పైకి పరిగెత్తి ఆపాలి, గార్డ్ వచ్చి నన్ను కిందికి తోలేదాకా అక్కడే నిలబడాలి, తోలగానే మళ్లీ కార్నర్‌కి, అంటే బేస్‌లైన్ మూలకి, పరుగు. ఆ ఒకటిన్నర సెకనులో బంతి కార్నర్‌కి వెళ్లిపోతే నేను సగం దారిలో ఉంటాను. అయినా మొదటి రెండు రోజులు మాకు పెద్ద కష్టం అనిపించలేదు. అమ్మాయిలు జనవరిలో ఆడినట్టే బయట తిప్పుతున్నారు, మేం చేతులు చాపి అటూ ఇటూ జరుగుతున్నాం. బయట తిరిగే బంతితో జోన్‌కి నొప్పి ఉండదు.

అప్పుడు హెడ్ కోచ్ ఒక నియమం పెట్టింది. బంతి ఒక్కసారైనా ఫ్రీత్రో లైన్, అంటే రింగు ఎదురుగా ఫ్రీ షాట్లు వేసే గీత, దగ్గరికో, దాని లోపలికో వెళ్లేదాకా ఎవరూ షాట్ వేయకూడదు. ఎంత ఖాళీగా ఉన్నా సరే. వేస్తే అది పడినా లెక్కలోకి రాదు. ఇంకొకటి, పైన ఇద్దరు గార్డులని పెట్టే అలవాటు తీసేసింది. జోన్‌లో ముందు ఇద్దరుంటే మనం కూడా ఇద్దర్ని ఎదురుగా పెడితే వాళ్లకి ఒకరికి ఒకరు దొరికేస్తారు. పైన ఒక్కర్నే పెట్టి మిగతా ఇద్దర్ని కాస్త కిందికి, వింగ్‌ల్లోకి పంపేసరికి, పైనున్న ఒక్కమ్మాయిని ఎవరు ఆపాలో మా ముందు ఇద్దరికీ తేలక ఒకర్నొకరు చూసుకోవడం మొదలైంది.

ఆ వారం నేను తెలుసుకున్న ముఖ్యమైన విషయం ఇది. ఫార్వర్డ్ అమ్మాయి మా గార్డుల వెనక నుంచి ఒక్క ఉదుటున ఫ్రీత్రో లైన్ మీదికి వచ్చి బంతి అందుకుని తిరుగుతుంది. ఇప్పుడు మా సెంటర్ ఏం చేయాలి? పైకి రాకపోతే ఆమె అక్కడి నుంచే షాట్ వేస్తుంది. వస్తే రింగు ఖాళీ. వచ్చాడు. ఆ క్షణంలో నా వీపు వెనక, బేస్‌లైన్ పక్కన, కార్నర్‌కీ రింగుకీ మధ్యలో ఒకమ్మాయి నిలబడి ఉంది, ఆ చోటుని షార్ట్ కార్నర్ అంటారు. ఆమె అక్కడున్న సంగతే నాకు తెలియదు. జోన్ ఆడేవాళ్ల పది కళ్లూ బంతి మీదే ఉంటాయి, ఉండాలి కూడా, జోన్ నడిచేదే అలా. కాబట్టి కళ్ల వెనక నిలబడినవాళ్లు మాయమైపోయినట్టే. పాస్ నా చెవి పక్కనుంచి వెళ్లింది, నేను తిరిగేసరికి బంతి బోర్డుకి తగిలి వలలో పడుతోంది.

దాన్ని ఆపుదామని నేను మర్నాడు వెనక్కి జరిగి నిలబడ్డాను. ఫ్రీత్రో లైన్ మీద ఉన్నమ్మాయి ఒక్కసారి నావైపు చూసి, బంతిని ఎదురు వింగ్‌కి విసిరింది. మా జోన్ మొత్తం మధ్యలోకి ముడుచుకుని ఉంది కదా, అక్కడ ఒంటరిగా నిలబడి తీరిగ్గా త్రీ వేసుకున్నారు. జనవరిలో వేసిన త్రీలు, ఇవీ ఒకే దూరం. కానీ మధ్యలోంచి బయటికి వచ్చిన పాస్ అందుకున్నవాళ్ల కాళ్లు అప్పటికే రింగు వైపు సర్దుకుని ఉంటాయి, పక్క నుంచి వచ్చిన పాస్‌కి అలా ఉండవు. అవతల వింగ్‌లో ఉన్న మా వాడు పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆలస్యం.

పాయింట్ గార్డ్ మరీ ప్రమాదం. బంతి తల మీదికి ఎత్తి నా వైపు కార్నర్‌కి విసరబోతున్నట్టు చూస్తుంది. నేను ఒక అడుగు వేస్తాను. ఆ అడుగు చాలు, పాస్ వేరే చోటికి వెళ్లిపోతుంది. జోన్ బంతిని బట్టి కదులుతుంది కాబట్టి బంతితో అబద్ధం చెప్పగలిగినవాళ్లు జోన్‌ని ఎటు కావాలంటే అటు నడిపిస్తారు, ఎద్దుని ముక్కుతాడుతో తిప్పినట్టు. ఆ తర్వాత ఇంకో దెబ్బ నేర్చుకున్నారు: అవతలి వైపు బంతి ఉన్నప్పుడు పెద్దమ్మాయి వచ్చి నాకు అడ్డంగా గోడలా నిలబడుతుంది, అదే సమయంలో కోర్టు అంతా దాటించి నా వెనక కార్నర్‌కి పొడుగాటి పాస్. నేను పరిగెడదామంటే కదలడానికి దారి లేదు.

గురువారం నాడు కోచ్ మమ్మల్ని ఏడుగురిని నిలబెట్టింది. ఐదుగురు అమ్మాయిలు, ఎదురుగా ఏడుగురం జోన్. అరగంట సేపు వాళ్లకి దాదాపు ఏమీ దొరకలేదు, ఒక సీనియర్ అమ్మాయి కోపం ఆపుకోలేక బంతి నేలకేసి కొట్టింది. నాకు జాలేసింది, కానీ చేతులు దించలేదు. శుక్రవారం మళ్లీ ఐదుగురమే నిలబడితే వాళ్ల మొహాలు చూడాలి, కోర్టు రెండింతలు పెద్దదైనట్టు ఆడారు. నిన్నటి దాకా ఏడుగురి మధ్య సందు వెతికినవాళ్లకి ఐదుగురి మధ్య సందులన్నీ తలుపులే.

ఆ వారంలోనే నా చీలమండ మెలిపడింది. ట్రైనర్ రోజూ ఉచితంగా టేప్ చుట్టింది గానీ, ఎక్స్‌రేకి మాత్రం నా స్టూడెంట్ ఇన్సూరెన్స్ మీదే వెళ్లాను, కోపే, అంటే నా వంతు డబ్బు, కట్టాల్సి వచ్చింది. ప్రాక్టీస్‌లో దెబ్బ తగిలితే ఎవరు కడతారన్నది మొదటి రోజే అడిగి తెలుసుకోండి, ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉండొచ్చు.

శనివారం మ్యాచ్. స్టూడెంట్ ఐడీ ఉంటే టికెట్ కొనక్కర్లేదు. మేం ప్రాక్టీస్ అబ్బాయిలం బెంచ్ వెనక వరసల్లో కూర్చున్నాం. మొదటి ఐదు నిమిషాలు నాకు ఊపిరాడలేదు, మళ్లీ బయటే తిప్పుతున్నారు, రెండు త్రీలు పోయాయి. కోచ్ టైమవుట్ తీసుకుంది. తిరిగొచ్చాక ఫార్వర్డ్ అమ్మాయి ఫ్రీత్రో లైన్ మీదికి వచ్చింది, బంతి అందుకుంది, వాళ్ల సెంటర్ పైకి అడుగు వేసింది, బేస్‌లైన్ పక్కన ఉన్నమ్మాయికి కింద నుంచి పాస్, రింగు పక్క నుంచి సులువుగా లేఅప్. వాళ్ల ఎడమ వింగ్ అమ్మాయి అచ్చం నాలాగే ఆలస్యంగా తల తిప్పి చూసింది. మా వరస మొత్తం లేచి అరిచాం, నా ఒళ్లు జలదరించింది. నేను ఆ అమ్మాయి స్థానంలో పది రోజులు నిలబడ్డాను, ఆమెకి ఏం కనబడలేదో నాకు తెలుసు.

తర్వాత చాలావరకు అదే ఆట. షాట్ పోయినా రీబౌండ్లు మనకే వచ్చాయి, ఎందుకంటే జోన్‌లో ఎవరు ఎవరిని అడ్డుకోవాలో కచ్చితంగా ఉండదు, బంతి రింగుకి తగిలాక అవతలి వైపు నుంచి ఇద్దరు దూసుకొస్తే ఆపేవాళ్లు ఒక్కరే. మూడో క్వార్టర్లో వాళ్లు 1-3-1 జోన్‌కి, అంటే ముందు ఒకరు, మధ్యలో ముగ్గురు, వెనక ఒకరు ఉండేలా, మారి కార్నర్ల దగ్గర ఇద్దరిద్దరు వచ్చి పట్టుకోవడం మొదలుపెట్టారు, కాసేపు బంతులు పోగొట్టుకున్నాం, ఆధిక్యం కరిగిపోయింది. దానికి ప్రాక్టీస్‌లో ఇచ్చిన సమయం చాలా తక్కువ. కానీ నాలుగో క్వార్టర్లో ఇంకా ఐదు నిమిషాలు ఉందనగా వాళ్లు జోన్ పూర్తిగా వదిలేసి మనిషికి మనిషి డిఫెన్స్‌కి వచ్చేశారు. సీజన్ మొత్తం జోన్ మీదే నిలబడ్డ జట్టు దాన్ని వదిలేసిన ఆ నిమిషమే నాకు గెలుపు. స్కోరు బోర్డు మీద గెలుపు తర్వాత వచ్చింది, పది పాయింట్ల లోపు తేడాతో.

ఐదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 15న, అయోవాలో కేట్లిన్ క్లార్క్ మిషిగన్ మీద ఎక్కడో దూరం నుంచి త్రీ కొట్టి ఎన్‌సీఏఏ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కెరీర్ స్కోరింగ్ రికార్డు దాటేసింది. మర్నాడు క్లాసులో అందరూ అదే మాట, జోన్ వేస్తే ఇలా పైనుంచి కొట్టేయాలి అని. అలాంటి చెయ్యి ఉంటే కొట్టొచ్చు. అది లేని వందల జట్లకి దారి ఫ్రీత్రో లైన్ దగ్గరే ఉంది. లోపల నిలబడి దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను. గుంటూరు వైపు, కాకినాడ వైపు కాలేజీ టీముల్లో ఆడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ టీమ్‌లో అందరికన్నా బాగా పాస్ ఇచ్చేవాళ్లని పైన గార్డ్‌గా కాకుండా ఆ మధ్యలో పెట్టి చూడండి. మీకు ఇరవై నాలుగు సెకన్లే ఉంటాయి కాబట్టి బంతి సగం గీత దాటగానే మొదటి పాస్‌లోనో రెండో పాస్‌లోనో అక్కడికి పంపాలి.

మార్చిలో కాన్ఫరెన్స్, అంటే మా లీగ్, టోర్నమెంట్‌లో మా జట్టు ఓడిపోయింది, సీజన్ అయిపోయింది. నా ఐదేళ్ల లెక్క కూడా అయిపోయింది, ఆ తర్వాతి ఏడాది నన్ను కోర్టులోకి రానివ్వరు. అడిగి చూశాను, కుదరదన్నారు. వీడియోలు కట్ చేసే మేనేజర్ పనికి దరఖాస్తు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

ఆగస్టులో బీటెక్ అవ్వగానే ఎమ్మెస్‌కి వచ్చేవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు సికిల్ సెల్ టెస్ట్ అక్కడే చేయించుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న రిపోర్టు మీద పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి, ఇక్కడ దాన్ని తీసుకుంటారో లేదో వచ్చే ముందే ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి. కాలేజీలో చేరిన తేదీ ఉన్న కాగితం కూడా వెంట తెచ్చుకోండి. వచ్చిన మొదటి వారంలోనే కోచింగ్ స్టాఫ్‌కి రాయండి, ప్రాక్టీసులు సెప్టెంబరు చివర్లోనే మొదలవుతాయి, క్లియరెన్స్‌కి పట్టే ఆ మూడు వారాలు ముందే గడిచిపోతాయి.